ఓడ ఆలోచిస్తోంది

ఉప్పల్,
జూన్ 8

చిరంజీవి హృషికేశ్‌కు,

నీ ఆహ్వానపత్రం అందింది. "ఏడో కక్ష్య అభిమానుల మహాసభ, నాచారం" అని బంగారు రంగు అక్షరాలు, లోపల మీ అక్క ఫొటో. ఆ ఫొటో వాడే ముందు నన్ను ఒకమాట అడగాల్సింది.

ఫోన్ ఎత్తడం లేదని ఫిర్యాదు రాశావు. సుశీల పెద్దకర్మ అయిన మర్నాడు మనం ఫోన్లో అరుచుకున్నది చాలు. ఏమన్నా ఉంటే రాయి. ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఉన్న నాలుగు మైళ్ళను తపాలాశాఖ నాలుగు రోజులు చేసి పెట్టింది. ఆ నాలుగు రోజుల్లో మన కోపాలు కొంత చల్లారతాయి.

సభకు నేను రాను. పద్దెనిమిదేళ్ళుగా ఆ టీవీ సీరియల్లో ఆదివారం ఆదివారం 'వరుణ' అనే ఓడ శనిగ్రహానికి బయలుదేరి, ఇంతవరకూ చేరలేదు. మన ఘట్‌కేసర్ ప్యాసింజర్ నయం. ఆ ఓడ గొంతు మీ అక్కది కనుక చూశాను. ఆమె పోయింది. ఇక నాకు శనిగ్రహంతో పని లేదు.

ఇక నీ "విరామ సిద్ధాంతం". పై వాటాలో అద్దెకున్న దుర్గాభవాని తన ఫోన్లో నీ వీడియో చూపించింది. ఓడ మాటల మధ్య ఎక్కడెక్కడ ఆగిందో గీతలు గీసి, ఎర్ర బాణాలు పెట్టి, దాని అంతరార్థం వివరిస్తున్నావు. నేను ముప్పై ఏళ్ళు హబ్సిగూడలో భూకంప రేఖలు చదివి బతికినవాణ్ణి. రోడ్డు మీద లారీ పోయినా సూది కదులుతుంది. లారీని చూపించి భూకంపం అన్నవాణ్ణి మా లాబ్‌లో వారం కూడా ఉంచేవాళ్ళం కాదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

అచ్యుతరావు


నాచారం,
జూన్ 14

బావకు నమస్కారాలు.

నువ్వు రావని తెలుసు. అయినా కార్డు పంపకపోతే అక్క ఊరుకోదనిపించింది.

లారీ పోలిక బాగుంది. మా గ్రూపులో పెడదామనుకుని మానుకున్నాను, నీ మీద పడతారని. బావా, నువ్వు నవ్వినా సరే, విషయం చాలా దూరం పోయింది. వచ్చే సీజన్‌కు మొత్తం మారుస్తున్నారు. పాత రచయితలందరినీ పంపించేసి గిరిధర్ అని ఒక కుర్రవాణ్ణి తెచ్చారు. మొదటి నూరు ఎపిసోడ్లు వాడు చూడనే లేదట. మన టీ కొట్టు దగ్గర రోజుకో పుకారు. నిన్న మా గ్రూపులోని కనకరాజు పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా, ఓడకు మగ గొంతు పెడ్తున్నరంట, నిజమేనా?"

"ఎవడన్నడు?"

"రామంతాపూర్ గ్రూపోళ్ళు. ఇంకోటి గూడ అన్నరు. గింతకాలం అయినదంత కెప్టెన్ కలగన్నడంట."

"పద్దెనిమిదేండ్ల కలనా? వాడు మనిషా, కుంభకర్ణుడా?"

అలా ఉంది మా పరిస్థితి. రామంతాపూర్ వాళ్ళకు బుర్ర లేదు. వాళ్ళు ఓడకు ప్రేమకథ కావాలనే రకం.

ఈ గోలలో నిలబడింది నా సిద్ధాంతం ఒక్కటే. నువ్వు వీడియో పూర్తిగా చూసి ఉండవు కనుక రాస్తున్నాను. అక్క చేసిన ఆఖరి సీజన్లో ఓడ వాక్యం మధ్యలో ఆగుతుంది. అంతకుముందు ఎప్పుడూ అలా ఆగలేదు. "ద్వారం... మూస్తున్నాను, కెప్టెన్." "భూమి నుంచి... సమాచారం అందింది." ఆగిన ప్రతిచోటా ఆ తర్వాత వచ్చే మాట అబద్ధమని తేల్చాను. అంటే ఓడ కెప్టెన్‌కు ఏదో దాస్తోంది. అబద్ధం చెప్పే ముందు దానికి మనసు ఒప్పక ఒక్క క్షణం ఆగుతోంది. యంత్రానికి మనసు మొలిచింది బావా! అక్క ఎంత గొప్పగా చేసిందో చూడు.

అసలు వార్త ఏమిటంటే, నా వీడియో గిరిధర్ చూశాడు. స్టూడియోకు పిలిచాడు. కొత్త సీజన్ కథంతా ఈ విరామాల మీదే రాస్తున్నాడు. ఓడకు హరిత అని కొత్త అమ్మాయిని తీసుకున్నారు. ఆమెకు ఆ విరామాలు నేర్పే పని నాకు అప్పగించారు. వర్క్‌షాపులో సెలవు పెట్టి వెళ్తున్నాను.

ఒక్క సంగతి చెప్పు. అలా ఆగమని అక్కకు దర్శకుడు చెప్పాడా, తనే అనుకుని చేసిందా? నీకు తెలియకుండా ఉండదు.

హృషి


ఉప్పల్,
జూన్ 20

చిరంజీవి హృషికేశ్‌కు,

దర్శకుడు చెప్పలేదు. ఇంతకంటే అడగవద్దు.

నీ గిరిధర్‌ను చూడకుండానే అర్థం చేసుకున్నాను. కథ రాయడం చేతకానివాడు ప్రేక్షకుడి ఊహను ఎత్తుకుపోయి తిరిగి ప్రేక్షకుడికే అమ్ముతున్నాడు. మీరు చప్పట్లు కొట్టి కొనుక్కుంటున్నారు. మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ అమాయకులో తేల్చడం కష్టం.

పుకార్లు ఇక్కడికీ వస్తున్నాయి. మొన్న దుర్గాభవాని మెట్ల మీద ఆపింది.

"సార్, ఓడ కోమాల ఉన్నదంట గదా? అందుకే ఆగి ఆగి మాట్లాడ్తున్నదంట."

"మెదడు ఉన్నవాళ్ళకు కదమ్మా కోమా వచ్చేది."

"గట్లంటరేంది సార్? మేడమ్ గొంతు గదా అది. నాకైతే దేవతోలె ఇనిపిస్తది."

మేడమ్ దేవత కాదని చెప్పాలనిపించింది. ఆ ఓడ "ద్వారములు మూయబడినవి" అంటూ గ్రాంథికం మాట్లాడే తొలి రోజుల్లో, ఇంట్లో అదే గొంతు "తలుపెయ్యి జర, దోమలొస్తయి" అనేది. ఆ రెండో వాక్యం చాలాసార్లు విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. దాని మీద ఎవరూ సిద్ధాంతం చేయలేదు. అది నా అదృష్టం.

ఆ అమ్మాయికి ఏమీ నేర్పకు. సెలవు రద్దు చేసుకుని పనికి వెళ్ళు.

అచ్యుతరావు


నాచారం,
జూన్ 26

బావకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదివితే నేనూ నీలాగే మాట్లాడతానేమోనని పక్కన పెట్టాను.

నీకు ఆ సీరియల్ అంటే మొదటి నుంచీ చులకనే. అక్క రికార్డింగుకు బయలుదేరుతుంటే "ఓడ డ్యూటీకి పోతున్నావా" అనేవాడివి. ఆమె నవ్వేది కాబట్టి నేనూ నవ్వేవాణ్ణి. ఆమె రామంతాపూర్ టీవీ కేంద్రంలో ప్రకటనలు చదివినన్నాళ్ళూ ఆ గొంతు ఎవరిదో ఎవరికీ పట్టలేదు. ఈ ఓడతోనే ఆమె గొంతు ఇంటింటికీ తెలిసింది. కనకరాజు కూతురు బడిలో పద్యం చెప్పేటప్పుడు ఓడలాగా చెబుతుంది. అది నీకు తెలుసా?

ఇప్పుడు ఆమె చేసిన చివరి పనిని ఇంకో అమ్మాయి అందుకుంటుంటే నీకేమిటి అడ్డం? విరామాలు పోతే అక్క పోయినట్టే. వాళ్ళు మామూలు గొంతు పెట్టుకుంటారు, నాలుగు వారాల్లో అందరూ మరిచిపోతారు. అదేనా నీకు కావలసింది?

ఇంకొకటి. రాయకూడదనుకున్నాను. అక్క దవాఖానాలో ఉందని నాకు ఆఖరి వారంలో తెలిసింది. అప్పటికే ముక్కుకు మాస్కు, మాట లేదు. అంతకుముందు ఎప్పుడు వచ్చినా "దగ్గురా, దుమ్ము పడ్తలేదు" అన్నది. నువ్వు పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చున్నావు. ఒక్కగానొక్క తమ్ముణ్ణి. ఆమెతో నాకు ఆఖరి మాట అంటూ లేదు. మిగిలింది ఆ ఎపిసోడ్లే. వాటి జోలికి రావద్దు.

హృషికేశ్


ఉప్పల్,
జూలై 1

హృషికేశ్‌కు,

నీ కోపం న్యాయమే. జవాబు చెప్పను.

ఆ విరామాలు వాడనివ్వకు. ఈ సంగతిలో నేను వెటకారంగా రాయడం లేదని గమనించు. అడుగుతున్నాను.

అచ్యుతరావు


నాచారం,
జూలై 6

బావకు,

ముప్పై ఏళ్ళలో నువ్వు నన్ను ఏదన్నా అడగడం ఇదే మొదలు. అందుకే భయమేసింది.

కానీ ఎట్లా ఆపను? ఈ శుక్రవారం రికార్డింగు. నిన్న హరితకు నేర్పాను. చురుకైన పిల్ల. ఒకచోట గిరిధర్‌కు నచ్చలేదు.

"ఇంకొంచెం ఆగాలె అమ్మా. పాత మేడమ్ లెక్క. గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు."

"సార్, అంతసేపు దమ్ము పట్టాల్నా?"

"పట్టాలె. గదే మ్యాజిక్."

ఆమె దమ్ము పట్టి మళ్ళీ చెప్పింది. అచ్చం అక్కే. గది గదంతా చప్పట్లు. నేనే ముందు కొట్టాను.

మా వాళ్ళు అప్పుడే టీషర్టులు కూడా వేయించారు, "ఓడ ఆలోచిస్తోంది" అని. సభలో అందరూ అవే తొడుగుతారు.

ఒక్క కారణం చెప్పు బావా. నీకు ఇష్టం లేదన్నది కారణం కాదు. కారణం ఉంటే చెప్పు, వెళ్ళి ఆపుతాను. లేదంటే నన్ను నా పని చేసుకోనివ్వు.

హృషి


ఉప్పల్,
జూలై 10

హృషీ,

ఇది పోస్టులో వేస్తే శుక్రవారానికి అందదు. దుర్గాభవాని ఉద్యోగం నాచారంలోనే. కవరు అంటించి ఆమె చేతికి ఇస్తున్నాను. లోపల ఏముందో తెలియకుండా మోసుకొస్తుంది.

మీ అక్కది దగ్గు కాదు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. మందు లేదని మొదటి రోజే చెప్పారు. ఆఖరి సీజన్ మొదలయ్యేటప్పటికి ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ వచ్చింది. నువ్వు వస్తున్నావని తెలిస్తే అది వంటింట్లోకి వెళ్ళేది, పైన దుప్పటి కప్పుకుని. నువ్వున్న గంటసేపు ఆమె ట్యూబు లేకుండా కూర్చునేది. నేను పేపరు చదవలేదు. ఆమె గోళ్ళ రంగు చూస్తూ కూర్చున్నాను. నీలం తిరిగితే నిన్ను ఏదో వంకతో పంపించేవాణ్ణి. నేను మర్యాద తెలియనివాణ్ణని నువ్వు అనుకోవడం అప్పుడు పనికొచ్చింది.

నీకు చెబుదామని చాలాసార్లు అన్నాను. "వానికి జెప్తే పొద్దుగూకకముందే గ్రూపుల పెడ్తడు. స్టూడియోల తెలుస్తది. ఇంకొకర్ని పెట్టుకుంటరు. నేనేం జేయాలె ఇంట్ల కూసొని?" అన్నది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుంది. ఇవాళ తప్పుతున్నాను.

స్టూడియోకు వెళ్ళే ఓపిక పోయాక, ఇంట్లోనే చదివి పంపుతానని వాళ్ళను ఒప్పించింది. పడకగది గోడలకు బొంతలు కట్టాం. మైకు ముందు ఆమె, మెషీన్ పక్కన నేను. దాని హోరు మైకులో పడుతుంది కనుక చదివేముందు ఆపాలి. ఆమె తల ఊపితే ఆపేవాణ్ణి. ఉన్న ఊపిరితో ఎంతవరకు వస్తే అంతవరకు చదివేది. అయిపోతే ఆగేది. గొంతు పట్టుకుని, కొంచెం కూడదీసుకుని, మిగతా మాట చెప్పేది. "ద్వారం" దగ్గర ఊపిరి అయిపోయింది. "మూస్తున్నాను" కోసం మళ్ళీ దొరికింది. నీ ఎర్ర బాణాలన్నీ వాటి మీదే ఉన్నాయి.

శబ్దం చూసే అబ్బాయి ఫోన్ చేసి, మేడమ్, ఖాళీలు వస్తున్నాయి, కోసి కలపనా అని అడిగాడు. మీ అక్క అన్నది: "కొయ్యకు. ఓడ ఆలోచిస్తుందని చెప్పు." ఫోన్ పెట్టేసి నా వైపు చూసి నవ్వబోయి దగ్గింది. మీరు టీషర్టుల మీద వేసుకున్నది ఆమె మాటే.

నీ వీడియో దుర్గాభవాని చూపించకముందే మీ అక్క నాకు చూపించింది. రెండుసార్లు. "మా తమ్మునికి నేను ఆలోచిస్తున్నట్టు అనిపించిందంట" అని సంబరపడింది. నేను పడలేదు. నువ్వు గీసిన గీతలు నాకు ఇంకో రకం రేఖల్లా కనిపించాయి. అవి ఎటు పోతున్నాయో నాకు తెలుసు.

ఇప్పుడు మంచి ఊపిరితిత్తులున్న ఒక పిల్లకు, ఊపిరి ఆడనట్టు మాట్లాడటం నువ్వు నేర్పుతున్నావు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆమె బాగా చేసిందని రాశావు. నాకు ఆ వాక్యం దాటి చదవడం కష్టమైంది.

కారణం అడిగావు. ఇదే.

అచ్యుతరావు


నాచారం,
జూలై 15

బావా,

దుర్గాభవాని కవరు ఇస్తూ, "సార్ సభకొస్తనని రాసిండా అన్నా?" అని అడిగింది. వస్తాడేమో అన్నాను. లోపలికి వెళ్ళి చదువుకున్నాను.

శుక్రవారం స్టూడియోకు వెళ్ళాను. హరిత మైకు ముందు ఉంది. గిరిధర్‌ను పక్కకు పిలిచి, నా సిద్ధాంతం తప్పు అన్నాను.

"మీరే గదా సార్ కనిపెట్టింది. దాని మీదనే సీజన్ మొత్తం రాసుకున్నం. ఇప్పుడు తప్పంటరేంది?"

"ఆగుళ్ళు సరిగ్గ ఇన్లే నేను. చెవులు మంచిగ లేవు."

"మరి ఓడ ఎందుకు ఆగుతున్నట్టు?"

"ఎందుకూ లేదు. ఊకెనే."

వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఫ్యాన్లను నమ్ముకుంటే గిట్లనే ఉంటది" అన్నాడు, నాతో కాదు, పక్కవాడితో. నువ్వు అక్కడ ఉంటే వాడితో కరచాలనం చేసేవాడివి.

అయినా ఒప్పుకోలేదు. విరామాలు జనానికి ఎక్కాయి, ఉండాల్సిందే అన్నాడు. అప్పుడు చెప్పాను: సరే, కానీ రేపే వీడియో పెడతా, అవన్నీ నా కల్పన అని, దాని మీద కథ రాసినోనికి సరుకు లేదని. వాడి ముఖం మారింది. నవ్వులపాలు కావడమంటే వాడికి చావుకంటే భయం. స్క్రిప్టు లాక్కుని విరామాల చుక్కలన్నీ కొట్టేయడం మొదలుపెట్టాడు.

హరిత అడిగింది. "మరి నేనెట్ల చెప్పాలె అంకుల్?"

"నీ దమ్ము నీకున్నది గద బిడ్డా. ఒక్క దమ్ముల జెప్పు."

"ద్వారం మూస్తున్నాను, కెప్టెన్" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అక్కలా లేదు. ఏ మాత్రం లేదు. బయటికి వచ్చి గేటు దగ్గర కాసేపు నిలబడి ఇంటికి వచ్చాను.

వాడు చుక్కలు కొట్టేసినా వీడియో పెట్టాల్సిందే అనిపించింది, పెట్టాను. అంతా నా కల్పన, క్షమించండి అని. కారణం చెప్పలేదు. గ్రూపులో పెడతానని కదా అక్క దాచింది. పెట్టలేదు. పెట్టలేదని చూడటానికి ఆమె లేదు, అంతే.

ఇప్పుడు నా పరిస్థితి వినాలని నీకు ఉంటుంది. రామంతాపూర్ వాళ్ళు నా ముఖానికి గాడిద చెవులు అతికించి బొమ్మ చేశారు. సభ రద్దయింది. కనకరాజు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "నిన్ను నమ్మి టీషర్టులు కొట్టిచ్చినం అన్నా. ఇగ వాటితోని బండ్లు తుడుసుకోవాలె" అన్నాడు. తుడుచుకోవద్దు, నాకివ్వు అన్నాను. నాకు పిచ్చి పట్టిందని వెళ్ళిపోయాడు.

కానీ బావా, నా సిద్ధాంతం పూర్తిగా తప్పు కాదు. ఓడ ఏదో దాస్తోందన్నాను. అబద్ధం చెప్పే ముందు దానికి ఊపిరి అందడం లేదన్నాను, ఇంచుమించు. అబద్ధం కెప్టెన్‌కు చెబుతోందనుకున్నాను. నాకు చెబుతోందని తోచలేదు.

ఒక్కటి మాత్రం నాకు ముందు నుంచీ అంతుచిక్కలేదు. ఆఖరి ఎపిసోడ్లో అక్క ఎక్కడా ఆగలేదు. అంత పొడుగు మాటలు, "కెప్టెన్, నక్షత్రాలు దగ్గరవుతున్నాయి" నుంచి చివరిదాకా, ఒక్కచోట కూడా ఖాళీ లేదు. అప్పటికి ఇంకా కష్టమై ఉండాలి కదా. ఎట్లా చదివింది?

హృషి


ఉప్పల్,
జూలై 22

హృషీ,

గాడిద చెవుల బొమ్మ దుర్గాభవాని చూపించింది. "మీ బామ్మర్ది ఒట్టి బేవకూఫ్ సార్, ఇన్నొద్దులు అందర్ని పాగల్ జేసిండు" అన్నది. ఒక నెల కిందట అయితే ఆమెతో ఏకీభవించేవాణ్ణి. "వాడు నీకంటే, నాకంటే కూడా తెలివైనవాడమ్మా" అన్నాను. నాకు ఒంట్లో బాగాలేదని అనుకుంది. సాయంత్రం చారు పట్టుకొచ్చి ఇచ్చింది.

కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్ చూశాను. చెత్త. కెప్టెన్ జుట్టుకు రంగు వేశారు. శనిగ్రహం బొమ్మ ఇప్పుడు ఇంకా నాసిగా ఉంది. ఆ అమ్మాయి తడుముకోకుండా, కొంచెం తొందరగా మాట్లాడుతోంది. వినగలిగాను.

నువ్వు అడిగినదానికి జవాబు.

ఆఖరి ఎపిసోడ్ రోజున మీ అక్క ఎప్పటిలాగే తల ఊపింది. నేను మెషీన్ ఆపలేదు. మళ్ళీ ఊపింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. "బంద్ చెయ్యి, సప్పుడు పడ్తది" అన్నది. పడనీ అన్నాను. "నా పని ఖరాబ్ జేస్తవా?" అన్నది. ఆమె నా మీద అంత కోపంగా చూడటం పెళ్ళయ్యాక అదే. చూసీ చూసీ, ముక్కుకు ట్యూబు పెట్టుకునే, కాగితం ఎత్తి, మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా చదివేసింది. చదివాక కాగితం నా ఒళ్ళో పడేసింది.

హోరు తీసేయడం శబ్దం అబ్బాయి వల్ల కాలేదు. ఓడ ఇంజను అనుకుంటారులే అని వదిలేశాడు. మీవాళ్ళు అనుకున్నారు కూడా. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఇంజను వినిపించింది, అంటే ఓడ ఇంకా బతికే ఉంది అని ఎవరో రాశారని మీ అక్కే నాకు చదివి వినిపించింది.

మీవాళ్ళు ఇన్నేళ్ళలో రాసినవాటిలో నేను తప్పు పట్టలేనిది అదొక్కటే. దాన్ని మాత్రం ఎవరి దగ్గరా ఖండించకు.

అచ్యుతరావు